వియత్నాం సాగు సంస్కరణలు: వరి దిగుబడి, బియ్యం ఎగుమతులు

వియత్నాంలో 1981 నుంచి దశలవారీగా సాగిన వ్యవసాయ విధాన మార్పులకు, వాటిలోనూ 1988 నాటి ‘పదో తీర్మానానికి’, ప్రపంచ వ్యవసాయ చరిత్రలో పెద్ద పేరుంది. 1988లో బయటి నుంచి బియ్యం తెచ్చుకుని కడుపు నింపుకున్న దేశం, 1989లో సుమారు 14 లక్షల టన్నులు ఓడలకెత్తి అమ్మింది. ఈ మలుపుకు ముఖ్య కారణం కొత్త ఆనకట్టో కొత్త వంగడమో కాదు. పండిన ధాన్యంలో రైతింటికి ఎంత, కల్లం దాటి పోయేది ఎంత అన్న లెక్క మారింది. పొలంలో ఆ మార్పు ఒకటి రెండు పంటకాలాల్లో ఫలించింది. రేవులో మార్పు రావడానికి మాత్రం దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. దిగుబడి పెరిగిన వేగంతో రైతు ఆదాయం పెరగకపోవడానికి కారణాలు వెతికితే ముందుగా కనిపించేది ఈ ఎడమే.

నేపథ్యం

వియత్నాం వరి అంటే రెండు డెల్టాల వరి. ఉత్తరాన ఎర్రనది డెల్టాలో జనం ఎక్కువ, కమతాలు చిన్నవి, కరువు జ్ఞాపకాలు పాతవి. దక్షిణాన మెకాంగ్ డెల్టాను ఫ్రెంచివాళ్లు కాలువలు తవ్వించి సాగులోకి తెచ్చారు. అక్కడి వరి మొదటి నుంచీ అమ్మకానికి పండినదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సైగాన్ రేవు నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం బయటికి వెళ్లేది. యుద్ధకాలంలో ఆ రేవే దిగుమతి రేవయింది. 1965 నుంచి దక్షిణ వియత్నాం అమెరికా బియ్యం మీద ఆధారపడింది.

1954లో దేశం రెండయ్యాక భూమి సంగతిలోనూ రెండు దారులు ఏర్పడ్డాయి. ఉత్తరాదిన 1953–56 మధ్య భూస్వాముల పొలాలు పంచారు, ఆపైన 1950ల చివరి నుంచి వాటిని సహకార క్షేత్రాల్లో కలిపేశారు. దక్షిణాదిన సైగాన్ ప్రభుత్వం 1970 మార్చిలో ‘దున్నేవాడికే భూమి’ చట్టం తెచ్చి, కౌలుదార్లకు పది లక్షల హెక్టార్ల దాకా సొంతం చేసింది. ఆ ప్రభుత్వం ఐదేళ్లకే కూలిపోయింది గాని, మెకాంగ్ రైతుకు సొంత పొలం, సొంత బేరం అలవాటు చేసిపోయింది. తర్వాతి కథలో ఈ అలవాటు పాత్ర చిన్నది కాదు.

వంగడాల విప్లవం కూడా అప్పటికే గడప దాటింది. మనీలా దగ్గరి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్.8ను 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి చూపిన రోజుల్లోనే, మెకాంగ్ డెల్టాలోనూ అది పొలాలకెక్కింది. 1970ల చివర్లో సుడిదోమ పంటను తుడిచిపెడుతుంటే కాన్ థో విశ్వవిద్యాలయ ఆచార్యుడు వో తోంగ్ సువాన్ తరగతులు ఆపించి, దోమను తట్టుకునే ఐ.ఆర్.36 విత్తనం విద్యార్థుల చేతికిచ్చి ఊళ్లకు పంపాడు. విత్తనం ఆదా కావాలని కుదురుకు ఒక్కో మొక్కే నాటించారు. అంటే మంచి విత్తనం ఉంది, నీరుంది, పని తెలిసిన రైతు ఉన్నాడు. 1975–76లో దేశం ఒకటయ్యాక దక్షిణాదిన కూడా సహకార క్షేత్రాలు పెట్టబోతే ఆ రైతే చేతులు ముడుచుకున్నాడు. కొందరు ఎడ్లను అమ్ముకున్నారు, కొందరు ఇంటికి సరిపడా పండించి ఊరుకున్నారు. వరదలు, కంబోడియా యుద్ధం తోడై 1970ల చివరికి వరి నాడు అని పేరున్న దేశంలో రేషను దుకాణాల ముందు జొన్న కలిపిన కూడు కోసం వరుసలు కట్టారు.

చాటుగా మొదలైన మార్పు

విధానం మారక ముందే ఆచరణ మారింది. సహకార క్షేత్రంలో కూలి లెక్క ‘పని పాయింట్ల’ది. పొద్దు పోయేదాకా గట్టు మీద నిలబడినా పాయింటు పడేది, మోకాలి లోతు బురదలో నాట్లు వేసినా అదే పాయింటు. ఇంటి అవసరాలకని వదిలిన ఐదు శాతం పెరటి భూమిలో మాత్రం పంట పచ్చగా ఉండేది. ఈ తేడాను చూసి 1966లో విన్ ఫుక్ ప్రావిన్సు కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి కిమ్ న్గోక్ పొలాలను కుటుంబాలకు ఒప్పందం మీద అప్పగించాడు. దిగుబడి పెరిగింది. 1968లో పై నాయకత్వం ఆ ప్రయోగాన్ని తప్పుపట్టి ఆపించింది. ఆయన 1979లో, తన పద్ధతి దేశమంతటి విధానం కాకముందే, చనిపోయాడు.

1970ల చివర్లో హై ఫాంగ్ పరిసర గ్రామాలు అదే పని గుట్టుగా మళ్లీ మొదలుపెట్టాయి. దక్షిణాదిన తిరుగుబాటు మరో రూపం తీసుకుంది. ప్రభుత్వం మెకాంగ్ రైతుకు కిలో ధాన్యానికి ఇచ్చే ధర సుమారు అర డాంగ్ (అక్కడి కరెన్సీ). బయటి ధర రెండున్నర డాంగ్. ప్రభుత్వ ధరకు లెవీ పోయడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో హో చి మిన్ నగరం ఆకలికి దగ్గరైంది. నగర ఆహార సంస్థను నడిపిన, జనం బా తీ అని పిలిచే, అధికారిణి బయటి ధరకే ధాన్యం కొని నగరానికి తరలించింది. నగర పార్టీ కార్యదర్శి వో వాన్ కియెత్ ఆమెకు అండగా నిలిచాడు. ఆమెను జైల్లో పెడితే అన్నం తాను తెచ్చిస్తానని ఆయన హామీ ఇచ్చినట్టు అక్కడ నేటికీ చెప్పుకుంటారు. కియెత్ 1991లో ప్రధాని అయ్యాడు.

కింద జరుగుతున్నదానికి పైనుంచి తొలి ముద్ర 1981 జనవరి 13న పడింది. పార్టీ కార్యదర్శివర్గం ‘నూరో ఆదేశం’ ఇచ్చింది. దున్నకం, నీరు, విత్తనం, ఎరువు, సస్యరక్షణ సహకార సంఘానివి. నాట్లు, కలుపు, కోత కుటుంబానివి. ఒప్పుకున్న కోటా పోగా మిగిలింది ఇంటికి. మూడు నాలుగేళ్లు దిగుబడి చకచకా పెరిగింది. పంట పెరిగేకొద్దీ సంఘాలు కోటా కూడా పెంచుతూ పోయాయి. మిగులు కరిగిపోయాక రైతులు పొలాలు తిప్పి ఇచ్చేశారు. సగం సంస్కరణకు ఇదే చిక్కు: కష్టానికి ఫలం ఉంటుందని చెప్పి, ఫలం కనబడగానే దాని మీద చెయ్యి వేస్తుంది.

పదో తీర్మానం

1986లో ధరల పెరుగుదల 700 శాతం మించింది. ఆ డిసెంబరులో జరిగిన ఆరో పార్టీ మహాసభ న్గుయెన్ వాన్ లిన్‌ను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుని, ‘దొయ్ మొయ్’ పేరుతో ఆర్థిక నవీకరణను ప్రకటించింది. 1987లో ధాన్యం ఒక ప్రావిన్సు నుంచి మరో ప్రావిన్సుకు పోకుండా రోడ్ల మీద కాపలా ఉన్న చెక్‌పోస్టులను ఎత్తేశారు. 1988 తొలి నెలల్లో ఉత్తరాదిన లక్షల కుటుంబాలు పస్తులున్నాయి. ఆ ఒత్తిడిలోనే ఏప్రిల్ 5న పొలిట్‌బ్యూరో పదో తీర్మానం వెలువడింది.

దాని సారం కొద్ది మాటల్లో చెప్పొచ్చు. రైతు కుటుంబాన్ని స్వతంత్ర ఆర్థిక యూనిట్‌గా గుర్తించారు. భూమిని 10–15 ఏళ్లకు అప్పగించారు. ఒప్పంద దిగుబడిలో కనీసం 40 శాతం కుటుంబానిదే అని హామీ ఇచ్చారు. ఎడ్లు, పనిముట్లు సొంతానికి ఉంచుకోవచ్చు. పన్ను కట్టాక మిగిలిన ధాన్యం ఎవరికైనా, ఏ ధరకైనా అమ్ముకోవచ్చు. 1989లో రెండు రకాల ధరలు, రెండు రకాల మారకం రేట్లు పోయాయి. ఈ రెండో భాగాన్ని చాలామంది మరిచిపోతుంటారు. పొలం మాత్రమే వదిలి, ధర, డాలరు రేటు పాత పద్ధతిలోనే ఉంచి ఉంటే 1989 ఎగుమతి సాధ్యమయ్యేది కాదు. కృత్రిమ మారకం రేటు ఎగుమతిదారు మీద పడే కనిపించని పన్ను.

ఫలితం అంకెల్లో ఇలా ఉంది. 1986లో సుమారు 160 లక్షల టన్నులున్న ధాన్యం దిగుబడి 1989లో 190 లక్షలకు, 1995లో 250 లక్షలకు, 2000లో 325 లక్షలకు చేరింది. 2015లో 450 లక్షల టన్నులతో శిఖరం తాకింది. హెక్టారుకు 1986లో మూడు టన్నుల లోపున్న దిగుబడి ఇప్పుడు ఆరు టన్నుల దగ్గర ఉంది. పేదరికం 1993లో 58 శాతం, 2002లో 29 శాతం. ఇదంతా తీర్మానం పుణ్యమే అనలేం. ఫ్రెంచి కాలం కాలువలు, 1970ల వంగడాలు, 1990ల్లో చవకగా దొరికిన యూరియా, డెల్టాలో ఆమ్ల నేలలను బాగుచేసిన కాలువ పథకాలు అన్నీ ఇందులో ఉన్నాయి. కాని కాలువలు, వంగడాలు ముందు నుంచీ ఉండి కూడా ఫలించని చోట, లెక్క మారగానే ఫలించాయన్నది కాదనలేని సంగతి. సొంత బేరం అలవాటు పోని దక్షిణాది ఉత్తరాది కన్నా ముందు అందుకుంది.

భూమి హక్కు

1993 భూమి చట్టం ఒప్పందాన్ని హక్కుగా మార్చింది. భూమి రాజ్యాంగం ప్రకారం ప్రజలందరిదీ, దాన్ని నిర్వహించేది ప్రభుత్వం. రైతుది వాడుక హక్కు. ఆ హక్కును మార్చుకోవచ్చు, బదిలీ చేయవచ్చు, కౌలుకివ్వవచ్చు, వారసులకు రాయవచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టవచ్చు. వరి వంటి పైర్లకు గడువు 20 ఏళ్లు, తోటలకు 50 ఏళ్లు. 2013 చట్టం పైర్లకూ 50 ఏళ్లు చేసింది. హక్కు పత్రాన్ని దాని అట్ట రంగును బట్టి అక్కడ ఎర్ర పుస్తకం అంటారు, మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. సాగు భూమికి పరిమితి దక్షిణాదిన మూడు హెక్టార్లు, అంటే దాదాపు ఏడున్నర ఎకరాలు. ఉత్తరాదిన రెండు హెక్టార్లు.

పంపకం చాలావరకు న్యాయంగానే జరిగిందని, సంస్కరణ తర్వాతి భూమి పంపిణీని లోతుగా పరిశీలించిన మార్టిన్ రావాలియన్, డొమినిక్ వాన్ డి వాల్ తేల్చారు. ఆ న్యాయానికి ఉత్తరాదిన ఒక ఖరీదు ఉంది. మంచి నేల, మధ్యరకం నేల, పల్లపు నేల అన్నింటిలో అందరికీ వాటా ఇవ్వడంతో ఎకరం లేని కుటుంబానికి కూడా ఆరేడు చోట్ల ముక్కలు వచ్చాయి. ఆ ముక్కలను మార్పిడి చేసి ఒకచోట చేర్చే కార్యక్రమం దశాబ్దాలుగా నడుస్తోంది.

మరో కట్టు చాలాకాలం విప్పలేదు. వరి భూమి అని నమోదైతే వరే వేయాల్సి ఉండేది. ఆహార భద్రత పేరుతో 2009లో ప్రభుత్వం 38 లక్షల హెక్టార్ల వరి భూమిని కాపాడాలని నిర్ణయించింది, తర్వాత దాన్ని 35 లక్షలకు తగ్గించింది. దేశానికి మిగులు, రైతుకు తక్కువ ఆదాయం రెండూ ఒకేసారి ఉండడానికి ఇదొక కారణం. సడలించిన చోట ఏం జరుగుతుందో 2000లో చూశారు. లాభంలేని వరి పొలాలను చెరువులు చేసుకోవచ్చని అనుమతించగానే కా మావ్ ద్వీపకల్పం రొయ్యల సీమగా మారిపోయింది. అమెరికా మార్కెట్లో ఇవాళ భీమవరం రొయ్యతో పోటీ పడుతున్న వాటిలో అదీ ఉంది.

రేవు తాళం

పొలం కుటుంబం చేతికొచ్చినా ఎగుమతి ప్రభుత్వ చేతిలోనే ఉండిపోయింది. 1990ల్లో ఏటా ఎంత బియ్యం బయటికి వెళ్లాలో హనోయ్ నిర్ణయించేది. ఆ కోటాను ఎక్కువగా ప్రభుత్వ సంస్థలైన ఉత్తర, దక్షిణ ఆహార సంస్థలు పంచుకునేవి. ప్రైవేటు వ్యాపారులకు దారి 1990ల చివర్లో తెరుచుకుంది. కోటాలు 2001లో రద్దయ్యాయి. 2007 జనవరి 11న దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో 150వ సభ్యురాలైంది. అయినా ప్రభుత్వాల మధ్య కుదిరే పెద్ద బేరాలు, కనీస ఎగుమతి ధర, ఒప్పందాల నమోదు వియత్నాం ఆహార సంఘం గుప్పిట్లోనే ఉండేవి. ఆ సంఘంలో పెద్దపీట ప్రభుత్వ సంస్థలదే కాబట్టి, నియమాలు పెట్టేవారూ వ్యాపారం చేసేవారూ ఒక్కరే అయ్యారు.

ఈ ఏర్పాటు ఖరీదు 2008లో బయటపడింది. 2007 అక్టోబరులో భారత్ బాస్మతి కాని బియ్యం ఎగుమతులు ఆపింది. 2008 మార్చిలో వియత్నాం కొత్త ఒప్పందాలు నిలిపేసింది. ఫిలిప్పీన్స్ ఎంతకైనా కొంటానని మార్కెట్లోకి దిగింది. థాయ్ బియ్యం టన్ను 1,000 డాలర్లు దాటింది. ఆ నెలల్లో మెకాంగ్ రైతు కల్లంలో ఏడాదికల్లా పెద్ద పంట ఉంది, అమ్మే దారి లేదు. ఏప్రిల్ చివర్లో హో చి మిన్ నగరంలో జనం దుకాణాల మీద పడ్డారు, మిగులు దేశంలో కొరత భయం. నిషేధం ఎత్తేసే నాటికి ధర దిగడం మొదలైంది. ఏడాది చివరికి ధాన్యం కొనేవాడు లేక రైతులు అప్పులు తీర్చలేకపోయారు. ఎగుమతి నిషేధం వినియోగదారుకు కొంత ఊరట ఇచ్చి ఉండవచ్చు. దాని బిల్లు మాత్రం రైతు కట్టాడు.

దిద్దుబాటుగా రైతుకు 30 శాతం లాభం దక్కాలని 2009లో లక్ష్యం పెట్టారు. మన దగ్గరి కనీస మద్దతు ధర, ప్రభుత్వ కొనుగోలు కేంద్రం అక్కడ లేవు. కోతల కాలంలో కంపెనీలు బియ్యం కొని నిల్వ పెట్టుకోవడానికి వడ్డీ రాయితీ ఇచ్చారు. కంపెనీలు కొన్నది మిల్లర్ల దగ్గర, మిల్లర్లు కొన్నది పడవల మీద కాలువల వెంట తిరిగే దళారుల దగ్గర. ధాన్యం కొనుగోలులో సింహభాగం ఆ పడవ బేరగాళ్లదే. వడ్డీ రాయితీ రైతు గట్టు దాకా చేరలేదంటే ఆశ్చర్యమేముంది?

2010లో 109వ డిక్రీ ఎగుమతిదారుకు 5,000 టన్నుల గిడ్డంగి, గంటకు పది టన్నులు ఆడే మిల్లు సొంతంగా ఉండాలంది. పెద్ద కంపెనీలు రైతులతో నేరుగా కలుస్తాయని ఆశ. జరిగింది వేరు. మంచి రకం బియ్యాన్ని చిన్న సంచుల్లో అమ్మదలచిన చిన్న సంస్థలు, సేంద్రియ రైతు సంఘాలు లైసెన్సు దొరక్క పెద్ద కంపెనీల పేరు మీద ఎగుమతి చేసుకోవలసి వచ్చింది. 2018లో వచ్చిన 107వ డిక్రీ ఆ షరతులను తొలగించింది. పదో తీర్మానానికి అప్పటికి సరిగ్గా ముప్పై ఏళ్లు.

ఆ మరుసటి ఏడాదే సొక్ త్రాంగ్ ప్రావిన్సు శాస్త్రవేత్త హో క్వాంగ్ కువా బృందం రూపొందించిన ఎస్.టి.25 సువాసన బియ్యం మనీలాలో ప్రపంచపు మేటి బియ్యంగా ఎంపికైంది. ఒకదాని వల్ల రెండోది జరగలేదు, ఆ వంగడం వెనుక ఏళ్ల కృషి ఉంది. కాని మేలు రకానికి విలువ రావాలంటే దాన్ని విడిగా కొని, విడిగా ఆడించి, సొంత పేరుతో అమ్మే వ్యాపారి ఉండాలి. పాత ఎగుమతి పద్ధతిలో అన్ని రకాలూ ఒకే గుట్టలో కలిసేవి. ఆ బియ్యం థాయ్ ధర కంటే తక్కువకే పోయేది.

నాసిరకం వదలడానికి మన తీరం నుంచి కూడా ఒక ఒత్తిడి ఉంది. 2011 సెప్టెంబరులో భారత్ మళ్లీ గేట్లు తెరవగానే కాకినాడ రేవు నుంచి చవక బియ్యం పశ్చిమ ఆఫ్రికాకు వెల్లువెత్తింది. ఆ మార్కెట్లో వియత్నాం నిలవలేక మల్లె సువాసన రకాల వైపు మళ్లింది. 2021 జనవరిలో మరో వింత జరిగింది. ఇంట్లో ధర పెరగడంతో పశువుల దాణాకు, బీరుకు కావలసిన నూకను వియత్నాం వ్యాపారులు దశాబ్దాల తర్వాత తొలిసారి భారత్ నుంచి, టన్ను 310 డాలర్ల ప్రాంతంలో కొన్నారు. మేలు బియ్యం అమ్ముకుని నూక కొనుక్కోవడం పరువు తక్కువ అని అక్కడి పత్రికల్లో కొందరు బాధపడ్డారు. నిజానికి అది తెలివైన బేరం.

కాఫీ, జీడిమామిడి

వరి కన్నా స్వేచ్ఛగా వదిలిన పంటల కథ ఇంకా వేగంగా నడిచింది, ఇంకా గట్టిగా దెబ్బతింది. మధ్య పీఠభూమిలోని డాక్ లాక్ చుట్టూ మైదానాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు అడవి కొట్టి రోబస్టా కాఫీ నాటాయి. 1986లో 20 వేల టన్నులకు మించని పంట 2000 నాటికి ఎనిమిది లక్షలు దాటి, వియత్నాంను బ్రెజిల్ తర్వాతి స్థానంలో కూర్చోబెట్టింది. 1989లో అంతర్జాతీయ కోటాలు కూలిపోవడం, 1994లో బ్రెజిల్ తోటలను మంచు కాల్చేయడం దీనికి ఊపునిచ్చాయి. 2001–02లో ధర ముప్పై ఏళ్ల కనిష్ఠానికి పడింది. కొడగు, వయనాడు రైతులకూ ఆ దెబ్బ తగిలింది. భూమి పోయిన స్థానిక గిరిజనుల ఆగ్రహం 2001లో వీధికెక్కింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి లెక్క తలకిందులైంది: 2024లో వియత్నాం 13 లక్షల టన్నుల కాఫీ అమ్మి సుమారు 560 కోట్ల డాలర్లు సంపాదించింది. అదే ఏడాది 90 లక్షల టన్నుల బియ్యం మీద వచ్చింది కూడా ఇంచుమించు అంతే.

జీడిపప్పులో వియత్నాం 2000ల మధ్యలో భారత్‌ను దాటింది. సొంత తోటల బలంతో కాదు, యంత్రాలతో. పలాస కార్ఖానాలు కొనే ఆఫ్రికా గింజలనే కొని, ఎక్కువ వేగంగా పొట్టు తీసి ప్రపంచానికి అమ్ముతోంది.

నేల, నీరు

దిగుబడి ధ్యేయంగా సాగిన విధానానికి డెల్టా చెల్లించిన మూల్యం ఇప్పుడు తేలుతోంది. ఆన్ జాంగ్ వంటి చోట్ల ఎత్తయిన గట్లు కట్టి వరదను ఆపి ఏటా మూడు పంటలు తీశారు. వరదతో వచ్చే ఒండ్రు ఆగిపోయింది, ఎరువు పెరిగింది. పైన మెకాంగ్ మీద ఆనకట్టలు, కింద ఇసుక తవ్వకం కలిసి 2016, 2020 వేసవుల్లో ఉప్పునీరు పొలాల్లోకి లోతుగా ఎగదన్నింది. 2008 నుంచి నీటి తీరువా మాఫీ కావడంతో నీరు పొదుపు చేయాలన్న ఆర్థిక కారణమూ పోయింది. 2023 నవంబరులో ప్రభుత్వం 2030 నాటికి పది లక్షల హెక్టార్లలో మేలిరకం, తక్కువ ఉద్గారాల వరి పండించే పథకాన్ని ఆమోదించింది. తక్కువ విత్తనం, తక్కువ యూరియా, పొలాన్ని మధ్యమధ్య ఆరబెట్టడం, గడ్డి తగలబెట్టకపోవడం దాని సూత్రాలు.

ఇటీవలి పరిస్థితి

2023 జూలై 20న భారత్ బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఈసారి వియత్నాం 2008 పొరపాటు చేయలేదు, రేవు తెరిచే ఉంచింది. టన్ను ధర 600 డాలర్లు దాటిన 2023లో 81 లక్షల టన్నులు అమ్మింది, మరుసటి ఏడాది 90 లక్షలు. 2024 సెప్టెంబరులో భారత్ నిషేధం ఎత్తేశాక ధర కరిగి 2025 ఆరంభంలో 400 డాలర్ల కిందికి జారింది. ఇప్పటి బలహీనత సొంత నియమాల్లో కన్నా కొనుగోలుదారులో ఉంది. 2019లో ఫిలిప్పీన్స్ తన దిగుమతి పరిమితులు ఎత్తేసి సుంకాల పద్ధతికి మారినప్పటి నుంచి వియత్నాం బియ్యంలో పెద్ద వాటా ఆ ఒక్క దేశానికే వెళ్తూ వచ్చింది. తన రైతుల కోతల వేళ ధర నిలబెట్టడానికి ఫిలిప్పీన్స్ 2025 సెప్టెంబరు 1 నుంచి అరవై రోజులు దిగుమతులు నిలిపేసింది. తర్వాత ఆ గడువును ఏడాది చివరి దాకా పొడిగించింది.